గడువుకు పద్దెనిమిది రోజుల ముందు

పీహెచ్‌డీ ఆఖరి ఏడాదిలో చేయవలసిన పనులంటూ మా విభాగం వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. అందులో ఇలా ఉంది:

రెండో అధ్యాయం గైడ్‌కి చూపించి సంతకం తీసుకోవాలి.
సెట్లో తీసిన ఫోటోల్లో మనుషుల ముఖాలు కనపడకుండా చేయాలి.
ఇంటర్వ్యూలన్నీ పొల్లుపోకుండా కాగితం మీదికి ఎక్కించాలి.
ఎక్కించాక, ముప్పయ్యో తేదీలోగా, ఆడియో రికార్డింగులు చెరిపేయాలి. చెరిపినట్టు ఫారం నింపాలి.
ఫెలోషిప్ పొడిగింపుకు దరఖాస్తు పెట్టాలి.
లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చేయాలి.

నాలుగో పని నేను పన్నెండో తేదీనే చేసేశాను. గడువుకు పద్దెనిమిది రోజుల ముందు. పంతొమ్మిదో తేదీన, నేను ఇంటర్వ్యూ చేసిన మాస్టారి కూతురు ఫోన్ చేసి ఆ రికార్డింగులే అడిగింది.

నేనెందుకంత తొందరపడ్డానో చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్లు ఒక ఆఫీసులో అటెండరు. ఈ బల్ల మీది ఫైలు ఆ బల్ల మీదికి మోశాడు తప్ప అందులో ఏముందో చదవగలిగినవాడు కాదు. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే. ఫెలోషిప్ వచ్చినట్టు ఉత్తరం వస్తే దానికి ప్లాస్టిక్ అట్ట వేయించి బీరువాలో పెట్టాడు. "కాగితం మనకంటే పెద్దది తల్లీ. దాంతో పేచీ పెట్టుకోకు. అది చెప్పిన పని ఒక రోజు ముందే చేసి పడెయ్, ఎవడూ నిన్ను వేలెత్తి చూపడు" అన్నాడు. నేను ఎప్పుడూ అలాగే చేశాను. స్కూల్లో, కాలేజీలో, అన్నిచోట్లా.

నా పరిశోధన టీవీ సీరియళ్ల తయారీ మీద. తెర మీద కనపడని పనివాళ్లు ఏం చేస్తారు, ఎలా చేస్తారు అన్నది నేను తీసుకున్న అంశం. అది విని మా అమ్మ, "సీరియల్ చూస్తే మూడేళ్లు జీతమిస్తారా? నేను పదిహేనేళ్లుగా ఉత్తపుణ్యానికి చూస్తున్నానే" అంది.

సెట్టు ఒక పాత గోడౌన్లో ఉండేది. ఒక హాలు, ఒక వంటగది, ఒక పడకగది. దేనికీ నాలుగో గోడ లేదు. ఆ లేని గోడ దగ్గర కెమెరా, కెమెరా పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు. ఆ స్టూలు మీద మాస్టారు కూర్చునేవారు. ఆయన పని ప్రాంప్టింగు. హీరోయిన్‌కి మన భాష రాదు. అత్తగారి పాత్ర వేసే ఆవిడకి వచ్చు గానీ గుర్తుండదు. అందుకని మాస్టారు ప్యాడ్ మీది సీన్ పేపర్ చూస్తూ ప్రతి మాటా ముందు తాను అందించేవారు, వాళ్లు విని అనేవారు. తర్వాత డబ్బింగ్‌లో వేరేవాళ్ల గొంతులు వచ్చి చేరేవి. మాస్టారి గొంతు ఎడిటర్ తీసేసేవాడు. పంతొమ్మిదేళ్లలో ఏడు సీరియళ్లు. వాటిలో ప్రతి డైలాగూ మొదట పలికింది ఆయనే. ఒక్కటీ మిగల్లేదు.

"ప్రాంప్టింగ్‌లో నటించకూడదు డాక్టరమ్మా" అని మొదటిరోజే చెప్పారు. చదువు పూర్తి కాకముందే నాకాయన పెట్టిన పేరది. "మనం ఏడిస్తే ఆ పిల్ల మన ఏడుపు ఏడుస్తుంది. మాట మాత్రం ఇవ్వాలి. ఏడుపు ఆవిడ చూసుకుంటుంది."

"మరి ఎక్కడ ఆగాలో వాళ్లకెలా తెలుస్తుంది?"

ప్యాడ్ చూపించారు. డైలాగుల మధ్య పెన్సిలుతో ఏటవాలు గీతలు. "ఇది నా ఊపిరి. గీత దగ్గర నేను ఆగితే ఆవిడా ఆగుతుంది. అంతకుమించి బ్రహ్మవిద్య ఏమీ లేదు."

ఇంటర్వ్యూలు గోడౌన్ వెనక బట్టలు భద్రపరిచే గదిలో జరిగేవి. చుట్టూ చీరలు వేలాడుతుంటే బయటి చప్పుడు వచ్చేది కాదు, గొంతు గాజులా స్పష్టంగా రికార్డయ్యేది. మొదటిరోజు సమ్మతి పత్రం ఆయన ముందు పెట్టాను. అందులో రెండు గళ్లు ఉన్నాయి. రికార్డింగు విశ్వవిద్యాలయంలో భద్రపరచవచ్చు అన్నది ఒకటి. రాసుకున్నాక చెరిపేయాలి అన్నది రెండోది.

"దేంట్లో టిక్కు పెట్టమంటావ్?" అన్నారు.

"రెండోది పెట్టండి మాస్టారూ. మొదటిదైతే మళ్లీ ఇంకో ఫారం, కమిటీ దాకా వెళ్లాలి."

ఆయన నవ్వి రెండో గడిలో టిక్కు పెట్టారు. "కానియ్. అక్కడ ఎడిటర్ చెరుపుతాడు, ఇక్కడ నువ్వు చెరుపు. మొత్తానికి నా గొంతుకి చెరిపేవాళ్ల కొరత లేదు."

ఆ మాట మూడో అధ్యాయం మొదట్లో పెట్టుకోవచ్చని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నా ధ్యాసంతా అధ్యాయం మీదే.

మొత్తం పదకొండు గంటల రికార్డింగు. కాగితం మీదికి ఎక్కిస్తే రెండువందల పద్నాలుగు పేజీలు. నవ్వినచోట (నవ్వు) అని, దగ్గినచోట (దగ్గు) అని రాయాలని నియమం, రాశాను. తొంభయ్యో పేజీ నుంచి దగ్గులు ఎక్కువయ్యాయి. నూటయాభై దాటాక పేజీకి నాలుగైదు. ఒక్కటి కూడా వదలకుండా రాశాను. ఒక్కసారి కూడా "మాస్టారూ, డాక్టరుకి చూపించుకున్నారా?" అని అడగలేదు.

పన్నెండో తేదీన అన్నీ చెరిపేశాను. ఎందుకైనా మంచిదని, విశ్వవిద్యాలయం కంప్యూటర్లలో ఉన్న కాపీ కూడా తీసేయమని మెయిల్ పెట్టాను. ఫారం నింపి ఇచ్చాను. ఇంత ముందుగా ఇచ్చింది నేనొక్కదాన్నేనని ఆఫీసులో మెచ్చుకున్నారు. ఇంటికి ఫోన్ చేసి నాన్నకి చెబితే ఆయనా మెచ్చుకున్నాడు.

పంతొమ్మిదిన ఫోన్ వచ్చింది.

"అక్కా, నేను మాస్టారి అమ్మాయిని. నాన్నకి గొంతులో గడ్డని తేలింది. ఆపరేషనై మూడు వారాలైంది. స్వరపేటిక తీసేశారు." అంతా ముందే పలికి చూసుకున్నట్టు ఆగకుండా చెప్పింది. "ఇప్పుడు ప్రాణభయం లేదంటున్నారు. ఆసుపత్రిలో ఒక మేడం చెప్పింది, శుభ్రమైన రికార్డింగు రెండు మూడు గంటలు ఉంటే చాలట, నాన్న టైపు చేసింది నాన్న గొంతుతోనే ఫోన్ పలుకుతుందట. ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగితే నాన్న వెంటనే కాగితం మీద 'డాక్టరమ్మ' అని రాశాడు."

అప్పుడే చెప్పాల్సింది. "వెతికి చెప్తానమ్మా" అన్నాను. నా చేత్తో చెరిపినదాన్ని వెతుకుతానన్నాను.

కంప్యూటర్ సెక్షన్‌కి వెళ్లాను. అక్కడి ఆయన నా మెయిల్ తెరిచి నాకే చూపించాడు. "కాపీ కూడా తీసేయమన్నది మీరే కదండీ. మామూలుగా అది ఇంకో మూడు నెలలుండేది. అందరూ మీ అంత పద్ధతిగా ఉంటే మా పని సగం తగ్గును" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

గోడౌన్‌కి వెళ్లాను. ఎడిటర్ పాపం తన దగ్గరున్న డిస్కులన్నీ తీసి చూశాడు. "సెట్లో రికార్డయిన సౌండు ప్రసారమైన వారానికి చెరిపేస్తాం అక్కా, చోటుండదు. ఉన్న నాలుగు ఎపిసోడ్లలోనూ ఆయన మాట మీద వీళ్ల మాట, ఫ్యాను రొద. రెండు మూడు గంటల శుభ్రమైన గొంతంటే ఎక్కణ్ణించి తేను?" స్టూలు మీద వేరే కుర్రాడు కూర్చుని సీన్ గడగడా చదివేస్తున్నాడు. హీరోయిన్ ఊపిరాడక నీళ్లు అడిగింది.

గైడ్ మేడంకి చెబితే, "నీ తప్పేం లేదు. నియమం పాటించావు" అంది. నాన్న కూడా ఆ మాటే అనేవాడు. అందుకే నాన్నకి చెప్పలేదు.

ఆదివారం మాస్టారి ఇంటికి వెళ్లాను. మేడ మీద రెండు గదులు. కిటికీ పక్క కుర్చీలో ఆయన, మెడకి పలచని తెల్లబట్ట, ఒళ్లో ఎప్పుడూ ఉండే ప్యాడే. దాని మీద ఇప్పుడు తెల్లకాగితాలు. నన్ను చూసి కళ్లతోనే రమ్మన్నారు. ఆయన కూతురు నా చేతి సంచి వంక చూసింది, అందులో రికార్డింగు ఉంటుందని. ఉన్నది రెండువందల పద్నాలుగు పేజీలు.

నిలబడే చెప్పాను. చెరిపేశానని, కాపీ కూడా లేదని, అన్నిచోట్లా అడిగానని.

ఆయన పెన్సిలు తీసి రాశారు: అన్నీనా?

"అన్నీ మాస్టారూ."

ఫారం నింపావా?

"నింపాను."

ఆయన భుజాలు కదిలాయి. ఎగతాళి కాదది, నిజంగానే నవ్వారు. చప్పుడు మాత్రం లేదు. ఆయన కూతురు నవ్వలేదు.

"గడువు ఎప్పటిదాకా ఉందక్కా?"

"ముప్పయ్యో తేదీ."

"మరి అంత తొందరేమొచ్చింది?"

అడిగి ఆ అమ్మాయి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మాస్టారు నా సంచి అందుకుని కాగితాలు బయటికి తీశారు. చాలాసేపు పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. (దగ్గు) అని ఉన్నచోటల్లా పెన్సిలు మొన ఆనించి ముందుకెళ్లారు. ఒక పేజీ దగ్గర ఆగి మాటల మధ్య ఏటవాలు గీతలు గీశారు. గీసి, ఆ పేజీ నాకిచ్చి, చదవమని సైగ చేశారు.

ఆయన చెప్పిన పాత సంగతే. ఒకసారి హీరోయిన్ చచ్చిపోయిన భర్త ఫోటో ముందు ఏడుస్తోంది. మాస్టారు మధ్యలో పక్కవాడితో, "కాస్త కాఫీ పట్రా, చక్కెర తక్కువ" అన్నారు. ఆవిడ అదీ డైలాగే అనుకుని, కన్నీళ్లు కారుస్తూ ఫోటోతో, "కాస్త కాఫీ పట్రా, చక్కెర తక్కువ" అంది. డైరెక్టర్ నవ్వుతో కట్ చెప్పలేక కుర్చీలోంచి కిందపడ్డాడు. అప్పట్లో ఇది చెబుతూ మాస్టారు ఎంత నవ్వారో, (నవ్వు) అని మూడుసార్లు రాసి ఉంది.

చదవడం మొదలుపెట్టాను. చక్కెర దగ్గరికొచ్చేసరికి ఏడుస్తూ చదువుతున్నాను. ఆయన పెన్సిలుతో ప్యాడ్ మీద రెండుసార్లు కొట్టి, రాసి చూపించారు:

ఏడుపు వద్దు. మాట మాత్రం ఇవ్వు.

మళ్లీ మొదటినుంచి చదివాను. గీత ఉన్నచోట ఆగాను. వంటింటి గుమ్మం దగ్గరికి ఆయన కూతురు వచ్చి నిలబడింది. ఈసారి చివరిదాకా చదివాను. బాగా చదివానని చెప్పను. ఒక గీత దాటేశాను, ఆయన వేలితో చూపించారు.

ఆసుపత్రివాళ్లు ఫోన్‌లో వేరే మగగొంతు ఒకటి పెట్టి ఇచ్చారట. మాస్టారు రెండురోజులు వాడి, "ఎవడో వార్తలు చదువుతున్నట్టుంది" అని రాసి సొరుగులో పడేశారు. ఇప్పుడు రాసే చూపిస్తున్నారు. ఆదివారాలు నేను వెళ్తున్నాను. ఆయన కూతురు తలుపు తీస్తుంది, కాఫీ ఇస్తుంది. అక్కా అని మాత్రం పిలవడం మానేసింది.

థీసిస్ అయిపోయింది, పట్టా కూడా వచ్చింది. కానీ ఇంకెవరి చేతా ఇప్పుడు డాక్టరమ్మ అని పిలిపించుకోలేను.

మీ ఇంట్లో ఎవరో ఒకరు సీరియల్ చూస్తూనే ఉంటారు. ఈసారి మీరూ ఒక్క నిమిషం నిలబడి చూడండి. హీరోయిన్ ఏదైనా అనబోయే ముందు కళ్లు ఒక పక్కకి నిలిచి, పెదవులు కదలకుండా, రెప్పపాటు ఆగుతుంది. మనం అది నటన అనుకుంటాం. ఆవిడ అప్పుడు కెమెరా పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు వైపు చెవి పెట్టి ఉంటుంది. పాత ఎపిసోడ్లయితే ఆ స్టూలు మీద ఉన్నది మా మాస్టారే. నా దగ్గరున్న గొంతు నేను దాచలేకపోయాను. ఆ రెప్పపాటు దగ్గర మీరైనా ఆయన్ని ఒకసారి తలచుకోండి.