రెండు గ్లాసుల బారు

స్టేషను ఎదురుగా ఏళ్ల తరబడి మూతపడి ఉన్న మామగారి బారును పిల్లల్ని చూసుకునే చోటుగా మార్చాలని చిన్నకోడలు పట్టుబట్టింది. రైలుపెట్టెలు కడిగే పనిలో తనలాంటి తల్లులు ఇంకా ఆరుగురున్నారు. మొన్న తన చంటిది పాకుతూ ప్లాట్‌ఫారం అంచుదాకా వెళ్లింది. మూటలు మోసే ఆయన ఒక్క ఉదుటున అందుకోబట్టి సరిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే తల్లినే అంటారు.

తాళం అత్తగారి దగ్గరుంది.

"నన్నడిగి లాభం లేదమ్మాయ్. పోయిన మీ మామయ్య, ఆ తలుపు మళ్లీ తెరవనని ఇస్త్రీ పెద్దమ్మకి మాటిచ్చాడు. ఆవిడ సరేనంటే నాదేముంది?"

ఇస్త్రీ పెద్దమ్మ నోటికి వీధంతా జడుస్తుంది. చిన్నకోడలు గుండె చిక్కబట్టుకుని, పిల్లను చంకనేసుకుని వెళ్లింది.

"బారులో పిల్లలా? పాలసీసాకీ ఆ సీసాకీ తేడా తెలీదా నీకు?" అంది పెద్దమ్మ తలెత్తకుండా.

"అసలెందుకు మూశారో నాకెవరూ చెప్పలేదు. నువ్వు చెప్పు పెద్దమ్మా."

ఇస్త్రీపెట్టె ఆగింది.

"మీ మామ మంచోడే. లోపలికొచ్చినవాడి అన్నం క్యారేజీ తీసుకుని తన పక్కన పెట్టుకునేవాడు. రెండు గ్లాసులవగానే చేతికిచ్చేవాడు. ఇచ్చాడంటే ఇక ఇంటికి నడవమని. కాళ్లావేళ్లా పడ్డా మూడోది పోసేవాడు కాదు. ఆయనకి జ్వరమొచ్చిన రోజు వాళ్ల తమ్ముడు బారులో కూర్చున్నాడు. ఎవరికీ క్యారేజీ ఇవ్వలేదు, అడిగినంతా పోశాడు. మా ఆయన పట్టాలు దాటలేకపోయాడు. మర్నాడు మీ మామ ఆ క్యారేజీ తెచ్చి నా గుమ్మంలో పెట్టి, 'ఇక తెరవను చెల్లెమ్మా' అన్నాడు."

చిన్నకోడలు పక్కనున్న చొక్కాలు నాలుగు మడతపెట్టి వచ్చేసింది. మర్నాడు పని దిగగానే మళ్లీ వెళ్లింది. ఆ మర్నాడూ అంతే.

"నీది ఉడుంపట్టే! కాలరు అలా కాదు, ఇటు తిప్పు. ఎన్నాళ్లిలా తిరుగుతావ్?"

"నువ్వు ఊఁ అనేదాకా."

"అంత తొందరేమొచ్చింది?"

ఇక దాచలేకపోయింది. "మొన్న ఇది పట్టాలకేసి పాకింది పెద్దమ్మా. నేను పెట్టెలో నేల తుడుస్తున్నా. చూసుకోలేదు."

పెద్దమ్మ ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. "ఎంత దూరంలో ఆగింది?"

"జానెడు."

పెద్దమ్మ వీధి దాటి, అత్తగారి గుమ్మంలో నిలబడి కేకేసింది. "వదినా! అన్నయ్య మాటిచ్చింది నాకు. నేనే వదిలేస్తున్నా. తాళం తే. ఆ చేత్తోనే చీపురూ తే."

నాలుగు బకెట్లు పోసి రుద్దినా నేలలోంచి పులిసిన వాసన పోలేదు. అది ముక్కుకు తగలగానే పెద్దమ్మ గోడ పట్టుకుని ఆగిపోయింది. ఎక్కడ వెనక్కి తిరుగుతుందోనని చిన్నకోడలు బిక్కచచ్చి చూసింది.

పెద్దమ్మ కుచ్చెళ్లు ఎగదోపి కూర్చుంది.

"చూస్తావేం? ఇంకో బకెట్ తే."