డ్రిల్లు మాస్టారికి పక్కవాద్యం

నేను ఒక హార్మోనియాన్ని. పెట్టె అని పిలిచినా పలుకుతాను, నాకంత పట్టింపుల్లేవు. ప్రస్తుతం ఒక బడి స్టోర్‌రూములో విరిగిన బెంచీల మధ్య విశ్రాంతి తీసుకుంటున్నాను.

తెనాలిలో ఒక ముసలాయన టేకు చెక్కతో నన్ను చేసి, మొదటిసారి తిత్తి ఊది, "గొంతు బాగానే ఉందే!" అని మురిసిపోయాడు. తర్వాత పన్నెండేళ్లు ఒక నాటక సమాజంలో చాకిరీ చేశాను. అక్కడి రాజులు రాగం తీస్తూ తీస్తూ శ్రుతి వదిలేసి ఎటో వెళ్లిపోతే, వెతికి వెనక్కి తీసుకురావడం నా పని. చప్పట్లు మాత్రం వాళ్లకే. సమాజం మూతబడ్డాక బాపట్ల దగ్గర ఒక మిషన్ బడికి చేరాను.

అక్కడ పాటల టీచరు హెప్సీబా గారు. తాళం తప్పితే సహించే మనిషి కాదు. ఒక్క పిల్ల ముందుగా నోరు తెరిచినా పాట మళ్లీ మొదటికొచ్చేది. ఆమె భర్త రత్నం గారు అదే బడిలో డ్రిల్లు మాస్టారు. ఆయనకు సంగీతం రాదు, ఆ సంగతి ఆయనకు తెలియదు. సాధన జరుగుతుంటే వచ్చి వెనక వరసలో నిలబడి గొంతెత్తేవారు. చరణం దగ్గర అందరూ ఎత్తుకున్నాక, ఒక తాళం ఆగి తీరిగ్గా అందుకునేవారు. "మీరెళ్లి బంతులకు గాలి కొట్టుకోండి" అని టీచరు కసిరితే నవ్వేసి, రెండో చరణానికి కూడా ఆలస్యంగానే వచ్చేవారు.

ఒక ఏడాది జూన్‌లో ఆయన గుండెపోటుతో పోయారు. టీచరు బడికైతే వచ్చేవారు గానీ పాటల గది గడప తొక్కలేదు. నా మీద దుప్పటి కప్పేశారు. అక్టోబరులో జిల్లా బృందగాన పోటీ. టీచరు రానన్నారు కాబట్టి బడి పేరు కొట్టేయిద్దామని హెడ్మాస్టరు గారు తేల్చేశారు. పిల్లలు ఒప్పుకోలేదు. తొమ్మిదో తరగతి సలోమి దుప్పటి లాగేసి, రెండు వేళ్లతో నన్ను వాయిస్తూ మిగతావాళ్లతో పాడించసాగింది. అంత ఘోరమైన వాయింపు నేను నాటకాల్లో కూడా ఎరగను.

మూడో రోజు తలుపు దడాలున తెరుచుకుంది. టీచరు!

"ఆపండే! చరణం దగ్గర ఆ ఆగడమేంటి? ఎవరు నేర్పారు మీకిలా?"

సలోమి బిక్కమొహం వేసింది. "పాట అట్టాగే ఉంటదిగా టీచర్? మార్చిలో మీకు జ్వరమొచ్చిన వారం డ్రిల్లు సారే మాకు నేర్పారు."

నిజమే. ఆ వారమంతా ఆయన నా పక్కన నిలబడి, చేతికర్రతో బల్ల మీద తాళం వేస్తూ, తన తప్పును ఎంతో శ్రద్ధగా నేర్పారు.

 టీచరు ఉన్నట్టుండి ఫక్కున నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఏడుపొచ్చింది. నా మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చారు. నాకూ దుఃఖం ముంచుకొచ్చింది, కానీ తిత్తి ఎవరైనా ఊదితే తప్ప నేను కిక్కురుమనలేను. చివరికి కళ్లు తుడుచుకుని, నా ముందు కూర్చుని, "కానీయండి" అన్నారు. ఇక ఆ చరణం దిద్దేస్తారనే అనుకున్నాను.

పోటీ రోజు చరణం దగ్గర ఆమె వేళ్లు నా మెట్ల మీద ఒక తాళం ఆగాయి. పిల్లలు కూడా ఆగి, ఒక్కసారిగా అందుకున్నారు. బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన మంచి మనసుతో దగ్గరికొచ్చారు.

"పిల్లలు చక్కగా పాడారమ్మా. చరణం దగ్గర ఒక్క తాళం జారుతున్నారు. అది దిద్దితే వచ్చే ఏడు ఫస్టు మీదే."

"దిద్దనండీ," అన్నారు టీచరు నా మూత వేస్తూ. "అక్కడ మా ఆయన రావాలి. కాస్త ఆలస్యంగా వస్తారు."