అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి

మా ట్రావెల్ ఆఫీసులో నన్ను జాగ్రత్తలమ్మ అంటారు. నా ముందు కాదు, చాటుగా. యూరప్ వెళ్ళేవాళ్ళ వీసా ఫైళ్ళు ఇరవై రెండేళ్ళుగా నా చేతి మీదుగానే పోతాయి, నా నోరు ఊరుకోదు. కొత్త బూట్లు అక్కడికెళ్ళాక తొడగొద్దు, నెల ముందే నడిచి కాళ్ళకి అలవాటు చేసుకోండి. పాస్‌పోర్టు జిరాక్సు వేరే సంచిలో పెట్టుకోండి. డాక్టరు రాసిన చీటీ లేకుండా మందులు పట్టుకెళ్ళొద్దు. పది రోజుల్లో ఐదు దేశాలు చుట్టేస్తామంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్క దేశం చూడండి, కుదురుగా. ఇంత చెప్పే నేను విమానం ఎక్కిన పాపాన పోలేదు.

ఈసారి ఎక్కుదామనుకున్నాను. ఒక చిన్న కొండల దేశం, తొమ్మిది రోజులు, ఒక్కదాన్నే. నెల నుంచి కొత్త బూట్లతోనే ఆఫీసుకి నడిచి వస్తున్నాను. మహా ఆశగా ఉంది, దాచుకోవడం దేనికి? దరఖాస్తుకి ఇవాళే ఆఖరు రోజు. నాలుగింటికి ఫైళ్ళ సంచి వీసా ఆఫీసుకి వెళ్ళిపోతుంది.

ఫారమంతా కళ్ళు మూసుకుని నింపేశాను. ఒక్క గడి మిగిలింది. అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి?

నాకున్నది తమ్ముడొక్కడే. పొద్దున వాడి నంబరుకి చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"ఈ నంబరు మాదండీ. మూడేళ్ళయింది తీసుకుని," అంది.

మూడేళ్ళు వాడు చెప్పలేదు సరే, మూడేళ్ళు నేనూ చెయ్యలేదన్నమాట. ఎవరి మీద అలగను?

ఈ గడి దగ్గర ఆగిపోయేవాళ్ళని చాలామందిని చూశాను. రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన పెన్ను మూత తీస్తూ, పెడుతూ పావుగంట కూర్చున్నాడు. "నా నంబరు రాసేస్తాలెండి మాస్టారూ, ఎవరూ చెయ్యరు," అని నేనే రాసేశాను. ఆయనతో మొదలై పద్నాలుగు మంది ఫైళ్ళలో నా నంబరుంది. ఎవరూ చెయ్యలేదు కూడా.

భోజనాల వేళ ఎవరో పిలిస్తే ఆ గడి గబగబా నింపి, ఫైలు కొత్త పిల్ల ట్రేలో పడేశాను. అద్దం గోడ అవతల కూర్చుంటుంది ఆ పిల్ల. నిన్నమొన్నటిదాకా ఫైళ్ళు సరిచూసింది నేనే, ఆ పిల్లకి నేర్పిందీ నేనే. గడిలో ఉన్న ప్రతి నంబరుకీ ఫోన్ చెయ్యాలి, ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. దరఖాస్తు పెట్టినవాళ్ళ సొంత నంబరే ఆ గడిలోనూ ఉంటే ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి ఇచ్చెయ్యాలి. ఎంత పెద్దవాళ్ళయినా సరే, మొహమాటపడొద్దు.

మూడు కావస్తుండగా నా బ్యాగులో ఫోన్ మోగింది. ఆఫీసు నంబరు. అప్పుడు తెలిసింది, గడి కనబడగానే నా చెయ్యి అలవాటు కొద్దీ ఏ నంబరు రాసేసిందో.

ఎత్తాను. "హలో."

అద్దం అవతల పిల్ల తలెత్తింది. నన్ను చూసింది. ఫైలు వైపు చూసింది. తర్వాత నేను నేర్పిన ప్రశ్నే, నేను నేర్పినట్టే అడిగింది.

"వీళ్ళకి ఏమైనా అయితే మీకు చెప్పొచ్చా అండీ?"

నవ్వి పెట్టేద్దామనుకున్నాను. నవ్వు రాలేదు.

"చెప్పమ్మా," అన్నాను. "దానికి నేను తప్ప ఎవరున్నారు?"

లైను కట్ అయింది. పిల్ల చాలాసేపు తల వంచుకునే ఉంది. తర్వాత తనే లేచి వచ్చి, నా మొహం చూడకుండా ఫైలు నా బల్ల మీద పెట్టి వెళ్ళింది.

తెరిచి చూశాను. ఆ గడి చుట్టూ ఎర్ర సున్నా. పిల్లకి పని బాగానే నేర్పాను.