చుక్క పెట్టని కోటిలింగం

నేను ఒక తెలుగు టైపు మిషన్ని. పదకొండేళ్లు ఒక ఇన్‌స్టిట్యూట్లో పరీక్షల పిల్లల చేత దెబ్బలు తిని, వేలంలో కోటిలింగం చేతికి చిక్కాను. ఏడో తరగతిలో బడి మానేసి, తాలూకా ఆఫీసు ఎదుటి అరుగు మీద ఊరందరికీ అర్జీలు కొట్టిపెట్టే మనిషి. నోరు చేదు, చెయ్యి మంచిది.

ఆయనకొక పిచ్చి నమ్మకం ఉండేది. అర్జీ అంతా ఒకే వాక్యంగా సాగాలట. "చుక్క పెట్టామా, ఆఫీసరు అక్కడే ఆగి టీకి లేస్తాడు" అనేవాడు. 'విన్నవించుకొనునది ఏమనగా' అని ఎత్తుకుంటే కాగితం అడుగుకి గాని దిగేవాడు కాదు. ప్రశ్నార్థకం మీట దుమ్ము పట్టిపోయింది.

ఒక పొద్దున నాంచారమ్మ వచ్చింది. వాళ్ల ఊరి బస్సు ఆపేశారు. కూతురు రేణుక తొమ్మిదో తరగతి. బస్సు కోసం కోటిలింగం కొట్టిన రెండు అర్జీలకీ డిపో మేనేజరు నుంచి జవాబు లేదు.

"నెలాఖరుకి బస్సు రాకపోతే పిల్లని బడి మాన్పిస్తానంటున్నాడు మా ఆయన. అసలేం రాశావో చదువు బాబాయ్."

దగ్గరున్న నకలు తీసి చదివాడు. సగంలోనే దగ్గు తెర కమ్మింది.

"రాసిన నీకే ఊపిరాడలా. ఆ సారుకేం అర్థమవుద్ది? నే చెప్తా, కొట్టు."

ఆమె చెప్పింది చెప్పినట్టే కొట్టాడు.

'మా ఊరికి బస్సు రావడం లేదు. మా పిల్ల బడికి ఏడు కిలోమీటర్లు నడుస్తోంది. మీకు ఆడపిల్లలున్నారా? ఉంటే, పొద్దుగూకిన వేళ మనిషెత్తు పత్తి చేల మధ్య ఒంటరిగా నడిపిస్తారా? ఒక్కరోజు మీరే వచ్చి నడవండి! లేదా బస్సు పంపండి.'

"ఆఫీసర్ని ప్రశ్నలడిగితే చింపేస్తాడమ్మా!"

"చింపనీ. చింపేముందు చదువుతాడుగా!"

ఆ రోజు నాకు ఒళ్లంతా పని దొరికింది. చిన్న మాట, దాని వెనక పెద్ద మాట, మధ్యలో నిలదీత, ఆపైన కసురు. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంది. కోటిలింగం కాగితాన్ని ఇంకో వరస పైకి జరిపాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే మరో వాక్యం కొట్టాడు.

'బడి మానేసినవాళ్లు ఏమవుతారో, ఈ కాగితం కొట్టినవాణ్ణి అడగండి.'

దాని చివర గట్టిగా చుక్క పెట్టాడు. కాగితానికి చిల్లు పడింది.

పన్నెండో రోజున ఆ బస్సు మా అరుగు ముందు నుంచే వెళ్లింది. కిటికీ దగ్గర పుస్తకాల సంచీ ఒళ్లో పెట్టుకుని రేణుక కూర్చునుంది. కలెక్టరు జీపొచ్చినా కదలని కోటిలింగం లేచి నిలబడ్డాడు.