మధ్యాహ్నపు వంతు

ఏకాహమంటే ఒక సూర్యోదయానికి ఎత్తుకున్న నామం మర్నాటి సూర్యోదయం దాకా తెగకూడదు. వంతులవారీగా మనుషులు మారుతారు, దీపం చుట్టూ తిరిగే కాళ్లు మారతాయి, నామం మాత్రం ఆగదు. బరంపురంలోని తెలుగువాళ్ల వీధి రామమందిరంలో అన్నిటికన్నా కష్టమైనది మధ్యాహ్నపు వంతు. అన్నసమారాధన అయ్యాక, పప్పన్నం బరువుకి కళ్లు మూతలు పడే వేళ అది. ఆ వంతు ఏళ్ల తరబడి వైకుంఠరావుదే. ఆయన ఎత్తుకుంటే బజారు చివర దాకా వినబడేది.

"నామం వైకుంఠం మొదలెట్టీసినాడు, ఇంక ఎవులికీ నిద్ర రాదు" అని షాపులవాళ్లు నవ్వుకునేవారు.

పసుపు, చింతపండు టోకున అమ్మే ఆ మనిషిని ఊళ్లో అందరూ గొంతుతోనే గుర్తుపట్టేవారు. చుట్ట ముట్టలేదు, గుట్కా ఎరగడు. అయినా ఆ గొంతులోనే కేన్సరు పుట్టింది. కటకం తీసుకెళ్తే డాక్టర్లు గొంతుపెట్టె తీసేసి, ఊపిరికి మెడ ముందర ఒక కన్నం పెట్టారు. నీ పేరు పలికిన గొంతునే ఎందుకు తీసుకున్నావని రాముణ్ణి అడుగుదామంటే, అడగడానికీ గొంతు లేదు.

అక్కడే సస్మిత అనే నర్సు చిన్న టార్చిలైటంత మిషను చేతికిచ్చి, దాన్ని మెడకి ఆనించి పెదాలు కదిపితే మాట వస్తుందని నేర్పింది. ఇంటికొచ్చాక ఒక పొద్దున దేవుడి గదిలో ఆయన మొదటిసారి "రామ" అన్నాడు. వంటింట్లోంచి భార్య పద్మిని తొంగిచూసింది.

"గడ్డం గీసుకుంటన్నారేటి అనుకున్నాను" అంది. నవ్వబోయి, నవ్వలేక, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

షాపులో మాత్రం బేరగాళ్లు ఆయనతో గట్టిగా అరిచి మాట్లాడడం మొదలుపెట్టారు. గొంతు పోయినవాడికి చెవులు కూడా పోయి ఉంటాయని లోకానికి ఎందుకో నమ్మకం. ఆ వానాకాలమంతా ఆయన తలుపు మూసుకుని నామం ఒక్కటే సాధన చేశాడు. మళ్లీ తన వంతు తాను నిలబెట్టుకుంటే తాను తానే అని ఆయన లెక్క.

ఏకాహం దగ్గర పడగానే మందిరం పెద్ద ఢిల్లీశ్వరరావు ఇంటికొచ్చాడు. పద్మినికి సొంత అన్న.

"బావా, ఈ ఏడు నువ్వు ముందర కుర్సీలో కూకో. శాలువా కప్పుతాం" అన్నాడు.

వైకుంఠరావు మిషను మెడకి ఆనించాడు. "నా వంతు?"

"ఏటంటన్నాడమ్మా?" అని చెల్లెలి వైపు తిరిగాడు.

"ఆయన వంతు ఆయనకి కావాలంటన్నారు."

"ఆ మిసనుతోటా? పిల్లలు నవ్వుతారమ్మా."

"దేవుడు నవ్వుతాడేటి అన్నియ్యా?"

"దేవుడెందుకు నవ్వుతాడు? నవ్వేది జనం. మందిరం నడిపేది ఆ జనమే గదా." కాసేపు చెల్లెలి మొహం చూసి లేచాడు. "సర్లే. నీ వంతు ఎవులికీ ఇవ్వను బావా. నాను సూసుకుంతాను."

ఆ మాట పట్టుకుని, ఏకాహం నాడు ఆయన తలస్నానం చేసి బయల్దేరాడు. మెడమీది కన్నానికి పద్మిని కొత్త పసుపు గుడ్డ కట్టింది. వీధి మలుపు తిరిగేసరికి మైకులోంచి నామం వినబడింది. మూడో రామ దగ్గర కొంచెం పైకి లేచి దిగే ఆ వంపు ఆయనకి తెలుసు. అది ఆయన గొంతే. ఎప్పటిదో రికార్డింగు.

లోపల దీపం చుట్టూ మనిషన్నవాడు లేడు. హార్మోనియం మీద చెయ్యి వేసుకుని జగ్గన్న కునుకు తీస్తున్నాడు. మిగతావాళ్లు పందిట్లో ఫ్యాన్ల కింద నడుం వాల్చారు. ఢిల్లీశ్వరరావు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. మొహం నిండా సంతోషం.

"సూసినావా బావా? నీ వంతు నీ గొంతుకే ఇచ్చినాను."

పురుషోత్తంపూర్ నుంచి వచ్చిన కాసమ్మ అనే ముసలామె స్తంభానికి జేరబడి, మైకు వైపు చేతులు జోడించి కూర్చుంది. పద్మినిని పక్కకి పిలిచింది.

"ఎంత గొంతమ్మా. మారాజు, ఎప్పుడు పోయాడట పాపం?"

రెండడుగుల దూరంలో వైకుంఠరావు అంతా విన్నాడు. నేరుగా మైకుపెట్టె దగ్గరికి వెళ్లి వైరు పీకేశాడు.

"బావా, నామం తెగిపోనాది" అన్నాడు ఢిల్లీశ్వరరావు, మొహం పాలిపోయి.

వైకుంఠరావు మిషను ఆనించాడు. "ఎప్పుడో తెగింది. ఇక్కడ మనిసి లేడు."

ఈసారి పద్మిని అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆయన దీపం చుట్టూ నడక మొదలుపెట్టాడు. హరే రామ, హరే రామ. కొబ్బరిచిప్పలో పడిన తుమ్మెద రొద లాంటి చప్పుడు. జగ్గన్న ఉలిక్కిపడి లేచి శ్రుతి వెతికాడు. మిషనుకి ఉన్నది ఒక్కటే స్వరం. ఆ ఒక్క మెట్టు నొక్కి అలాగే పట్టుకున్నాడు. పందిట్లోంచి పిల్లలు పరిగెత్తుకొచ్చి నవ్వారు. వాళ్ల వెనకాల పెద్దలూ లేచొచ్చి చూశారు గానీ ఎవరూ పలకలేదు. పద్మిని ఒక్కతే వంత పాడింది. ఊపిరంతా మెడ కన్నంలోంచి పోతోంది, నామానికి తగలడం లేదు. ఊపిరి తగలని నామం రాముడికి చేరుతుందా? తెలియదు. అయినా వంతు అయ్యేదాకా ఆయన ఆగలేదు.

నాలుగు రోజులకి ఢిల్లీశ్వరరావు గుమ్మం ఎక్కకుండానే కబురు చెప్పాడు.

"మొన్న నామం తెగిపోనాదని పెద్దలు తేల్చినారు బావా. వచ్చే శనివారం మళ్లీ పెడతన్నాం."

"ఎక్కడ తెగిందట అన్నియ్యా? రికార్డింగు కాడా, ఈయన కాడా?" అడిగింది పద్మిని.

అతను చెప్పులకేసి చూశాడు. "రికార్డింగులో ఒక్క అచ్చరం పోలేదు గదమ్మా" అని వెళ్లిపోయాడు.

వైకుంఠరావు మిషను బ్యాటరీ తీసి చార్జింగుకి పెట్టాడు. చాలాసేపు దాని ఎర్ర దీపం చూస్తూ కూర్చున్నాడు.

"శనివారం ఎల్తారేటి?" అంది పద్మిని.

ఆయన బ్యాటరీ ఊడదీసి, మిషనులో వేసి, మెడకి ఆనించాడు.

"ఆ పూట అన్నం ముందరే పెట్టీ."