నూగున్న రెండో మొక్క

ఎండుమొక్కల భవనంలో పనిచేసేవాళ్ళ అసలు పేర్లు హాజరు పుస్తకంలోనే ఉంటాయి. పిలిచే పేర్లు వేరు. మొక్కల్ని ఎండబెట్టి అట్టల మీద అతికించే ఆవిడ జిగురక్క. వాటికి పేరు తేల్చి సంతకం పెట్టే పెద్దాయన భూతద్దం సారు. మెళ్ళో తాడుకి వేలాడే ఆ అద్దం లేకపోతే ఆయన తన చెప్పులు కూడా గుర్తుపట్టలేడని జిగురక్కే పుట్టించిన మాట.

ఆ సోమవారం బంట్రోతు ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆహార తనిఖీ ఆఫీసు నుంచి వచ్చిందనీ, శుక్రవారానికల్లా సారు సంతకం కావాలనీ చెప్పి వెళ్ళిపోయాడు. సంచిలో రెండు మొక్కలున్నాయి. రెండూ కుపంటి మొక్కలే. కాయ చుట్టూ కాగితం లాంటి పొర బుడగలా ఉబ్బి, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పొయ్యకుండా గోడల వారన మొలుస్తుందే, ఆ మొక్క. ఒకదానికి దారంతో ఒకటో నంబరు చీటీ, ఇంకోదానికి రెండో నంబరు చీటీ కట్టి ఉన్నాయి. అంతకుమించి ఒక్క అక్షరం లేదు.

 ఆ మొక్కలు ఎక్కడివో జిగురక్కకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె చెల్లెలు మూతపడ్డ మిల్లు ఆవరణలో కుపంటి పళ్ళు ఏరి, సందు మలుపులో బుట్ట పెట్టుకుని అమ్ముతుంది. కిందటి శనివారం ముగ్గురు బడిపిల్లలు అవి తిని వాంతులు చేసుకున్నారన్నారు. తనిఖీ ఆయన జీపు దిగి, ఒక్క పండు కూడా పరీక్షకి తియ్యకుండా బుట్టంతా మురిక్కాలవలో బోర్లించి, పైన ఫినాయిల్ పోయించాడు. అమ్మకం పర్మిట్ కాగితం గుంజుకున్నాడు. మొక్క మంచిదో కాదో తేలాక తిరిగివ్వడమో, చింపెయ్యడమో అన్నాడు. ముందు శిక్ష, తర్వాత విచారణ. బలహీనుల విషయంలో లోకం నడిచేది ఆ వరసలోనే.

ఆ చెల్లెలికి ఆ బుట్ట తప్ప ఇంకో ఆధారం లేదు. సంచి వచ్చింది తన సొంత చెల్లెలి మొక్కలతో అని జిగురక్క ఎవరితోనూ అనలేదు. అంటే ఆ పని చేతిలోంచి లాగేసి ఇంకొకరికి ఇస్తారు. ఇంకొకళ్ళ మీద నమ్మకం ఉంటేగా.

మొక్కల్ని బల్ల మీద పరిచింది. మొదటిది కాండం నుంచి ఆకు దాకా నున్నగా, వేలు జారిపోయేట్టుంది. దాని కాయలు చాలా వరకు లేవు. తొడిమలు మాత్రం పీచు తేలి మిగిలాయి. రెండోదాన్ని ముట్టుకోగానే వేలికి జిడ్డుగా అంటుకుంది. ఒళ్ళంతా సన్నని నూగు. ఆ నూగుకి ఇసక రేణువులు పట్టుకుని ఉన్నాయి. పసుపు పువ్వు గొంతులో అయిదు నల్లటి మచ్చలు.

"నూగున్నది నోట పెట్టకు" అని చిన్నప్పుడు అమ్మ అక్కచెల్లెళ్ళిద్దరికీ వీపు మీద చరిచి మరీ నేర్పింది. నున్నటిది పండు, నూగుది విషం. అమ్మ మాటకి తిరుగులేదు. ఆ మాట విన్న చెల్లెలు నూగుదాని జోలికి పోదు. మరి ఈ రెండోది సంచిలోకి ఎలా వచ్చింది?

ఇంకెలా వస్తుంది. బుట్ట పారబోసినవాడు తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఎక్కడో పీకి ఇందులో పడేశాడు. జిగురక్కకి అది అద్దంలో చూసినంత స్పష్టంగా కనిపించింది.

అయినా చెయ్యాల్సిన పని చెయ్యాలిగా. రెండిటినీ ఒకే పాత న్యూస్‌పేపరు మడతలో పక్కపక్కన పరిచి, ఆకులు సర్ది, చెక్కల మధ్య పెట్టి బిగించింది. మర్నాడు పొద్దున్న తడి పేపరు మార్చేటప్పుడు గది గుమ్మం వైపు ఒకసారి చూసింది. ఒకటో నంబరుని కొత్త పేపర్లోకి మార్చింది. రెండో నంబరుని చీటీతో సహా ఇంకో పేపర్లో చుట్టి, బల్లకింద పాత పేపర్ల కట్టలో అడుగుకి తోసేసింది. తడి పేపరు ఎప్పటిలాగే కిటికీ దగ్గర తీగ మీద ఆరేసింది. ఆరాక మళ్ళీ వాడతారు. పద్నాలుగేళ్ళుగా అదే అలవాటు.

మధ్యాహ్నం ఆ కట్టని కిందికి పట్టికెళ్ళి చెత్తకుండీలో పడేద్దామనుకుంది. మెట్ల దాకా వెళ్ళింది. చెయ్యి రాలేదు. రాలిన రేకు కూడా పారెయ్యకుండా పొట్లం కట్టి అట్టకి అతికించే చెయ్యి అది. తిట్టుకుంటూ వెనక్కి తెచ్చి మళ్ళీ అక్కడే దాచింది.

ఆ రెండు రోజులూ ఆమెకి గదిలో ప్రతి చప్పుడూ తన గురించే అనిపించింది. బీరువాల్లో కలరా ఉండల వాసన కూడా ఎక్కువైనట్టే ఉంది. బంట్రోతు రెండుసార్లు వచ్చి ఊరికే నిలబడి వెళ్ళాడు. సారు తనిఖీ ఆఫీసు వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతూ ఈమెని చూసి గొంతు తగ్గించాడు. ఆయన సొరుగులో వాళ్ళిచ్చిన కవరొకటి ఉందనీ, దానికి తాళం వేశాడనీ కూడా కనిపెట్టింది. మొక్కల మనిషికి కవర్లేమిటి, తాళాలేమిటి? కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి?

మంగళవారం సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్ళింది. చెల్లెలు ఖాళీ బుట్టని మూడోసారి కడుగుతోంది. ఫినాయిల్ కంపు పోవడం లేదట. మొక్కలు మీ ఆఫీసుకే వస్తాయంటగా అక్కా అని అడిగింది. ఏమో, నాకేం తెలీదు అంది జిగురక్క. నువ్వు పళ్ళు ఎక్కడ ఏరతావు అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఎందుకు మింగిందో తనని తాను అడగలేదు. మంచినీళ్ళు తాగి వచ్చేసింది.

బుధవారం ఒకటో నంబరుని అట్ట మీద అతికించింది. గురువారం పొద్దున్నే భూతద్దం సారు స్వయంగా ఆమె గదిలోకి వచ్చాడు. ఆయన రాడు. పిలిపించుకుంటాడు. అట్టకేసి ఒకసారి చూశాడు. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి, తీగ మీద ఆరిన పేపరు దించి, వెలుతురుకి పట్టి, అద్దం కంటికి ఆనించాడు. చాలాసేపు చూశాడు.

"ఏమ్మా, ఈ పేపరు మీద రెండు మొక్కలు పడుకున్నాయి. అట్ట మీద ఒకటే లేచింది. రెండోది ఎటు నడిచిపోయింది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చూపు బల్లకిందికి పోయింది. ఆయన అది చూశాడు కూడా. కానీ వంగి తియ్యలేదు, ఆమెనే తియ్యనిచ్చాడు. తీసి ముందు పెట్టాక ఇక దాచడానికి ఏం మిగిలిందని, జిగురక్క ఉన్నదంతా ఆయన మొహాన కక్కేసింది. అమ్మేది తన చెల్లెలని చెప్పింది. ఈ నూగు మొక్క తనిఖీ ఆయన కావాలని కలిపిందని చెప్పింది. కవరు తీసుకున్న మీరూ, బుట్ట పారబోసిన ఆయనా ఒకటేనని కూడా అంది. 

సారు కోపగించుకోలేదు. దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది. ఆయన తన గదిలోకి వెళ్ళి ఆ కవరు తెచ్చి బల్ల మీద బోర్లించాడు. అందులోంచి ఒక ఉత్తరమూ, రెండు ఆకుపచ్చ పొర బుడగలూ పడ్డాయి.

"ఇవి జబ్బుపడ్డ పిల్లాడి లాగు జేబులోవి. చిన్న వస్తువులు, ఎగిరిపోతాయని తాళం వేశాను. లెక్కపెట్టు."

"ఏం లెక్కపెట్టాలి?"

"పలకలు. బుడగ మీద నిలువుగా తేలిన అంచులు. దోసగింజంత ఓపిక చాలు."

జిగురక్క అద్దం పుచ్చుకుంది. బుడగని తొడిమ పట్టుకుని తిప్పింది. సన్నగా, గీసినట్టు తేలిన అంచులు. పది. రెండోదానికీ పది. తర్వాత ఆయన చెప్పకుండానే తను అతికించిన నున్నటి మొక్క మీద మిగిలిన ఒక్క కాయని చూసింది. పది. నూగు మొక్క కాయని తిప్పింది. కత్తి అంచుల్లాంటి పలకలు అయిదే. మళ్ళీ లెక్కపెట్టింది. అయిదే. అన్ని వందల అట్టలు అతికించిన మనిషి, ఆకు నూగు చూసింది కానీ కాయ పలకలు ఏనాడూ లెక్కపెట్టలేదు.

అప్పుడు సారు ఉత్తరం చదివాడు. ఒకటో నంబరు మిల్లు గోడ కూలిన చోట, పిల్లలు లోపలికి దూరే కంతలో పీకిందట. రెండో నంబరు అమ్మే మనిషి తను రోజూ పళ్ళు ఏరే చోటని స్వయంగా తీసుకెళ్ళి చూపిస్తే పీకిందట.

జిగురక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

సారు విడమరిచి చెప్పాడు. పిల్లలు తిన్నవి నున్నటిదాని పచ్చికాయలు. గోడ కంతలోంచి దూరి తొడిమలు గుంజి కోసుకున్నారు, ఆ పీచు తేలిన తొడిమలే సాక్ష్యం. పండినదైతే పొరతో సహా దానంతటదే రాలుతుంది, తొడిమ దగ్గర తెగిన గుర్తు శుభ్రంగా ఉంటుంది. ఇంట్లో తిడతారని కొన్నామని చెప్పుంటారు. రెండు రకాలూ మగ్గి రాలితే తినేవే, రెండూ పచ్చివైతే కడుపులో తిప్పేవే. నూగుకీ విషానికీ సంబంధం లేదు.

"మరి మా అమ్మ..."

"మీ అమ్మకి ఎవరో నూగుదాని పచ్చికాయ పెట్టుంటారమ్మా. ఒక్క కడుపునొప్పి రెండు తరాలకి శాస్త్రమైపోయింది."

అంటే తను దాచిందే చెల్లెల్ని కాపాడే మొక్క. చెల్లెలు ఏరేది అయిదు పలకలది, పిల్లల జేబులో దొరికింది పది పలకలది అని చెప్పగలిగే సాక్షి అదొక్కటే. బుట్టలో పళ్ళు ఎలాగూ కాలవలో కలిశాయి. ఆ ఒక్క సాక్షినీ మూడు రోజులు పేపర్ల కట్టలో పాతిపెట్టింది తనే.

సంతకం పెట్టండి సార్ అంది. సారు తల అడ్డంగా ఊపాడు.

"మడత దాటి బయటికెళ్ళి వచ్చిన మొక్క ఇది. పైగా నువ్వు అక్కవి. ఇంకోటి తెచ్చి పెట్టారని ఆయన అంటాడు. అనడా? నువ్వైతే అనవా?"

అనేదే. ఆయన స్థానంలో ఉంటే మొట్టమొదట అదే అనేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ ఎండిన ఆకునే చూస్తూ కూర్చుంది. పలకలు చూసినట్టుగా ఇంకేమైనా చూడ్డం మర్చిపోయానా అని తిప్పి తిప్పి చూసింది. నూగుకి అంటిన ఇసక కొన్ని చోట్ల ఊడిపోయి ఉంది. ఊడిన ఇసక ఎక్కడికి పోతుంది? లేచి, సారు దించిన పేపరు బల్ల మీద పరిచింది. పేపరు మీద జిడ్డు మరక, ఆకు ఆకారంలో. ఆ పక్కన ఇంకో రెండు. మరకల్లో ఇసక రేణువులు. రెండో నంబరుని రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డని పక్క మీద పడుకోబెట్టినట్టు ఆ పేపరు మీదికి దించింది. ఆకు మరక మీద ఆకు కూర్చుంది. విరిగిన కొమ్మ వంకరతో సహా కూర్చుంది. ఇంకో మొక్క తెచ్చి పెట్టి చూడమనండి అలా కూర్చుంటుందేమో.

సారు అద్దంతో మూడు మరకలు సరిచూశాడు. ఊఁ అన్నాడు. పేపరుని కూడా మడిచి అట్టతో పాటు పంపుదామన్నాడు. అయితే ఒక చీటీ ఉండాలన్నాడు.

ఆ భవనంలో ఒక పద్ధతుంది. అట్ట మీద రాసినదాన్ని ఎవరూ చెరపరు, కొట్టెయ్యరు. తప్పు పడితే, పాత చీటీ పక్కనే కొత్త చీటీ రాసి, తేదీ వేసి, పేరు పెట్టి అతికిస్తారు. వందేళ్ళ తర్వాత వచ్చినవాడికి కూడా ఎవరు ఎక్కడ తప్పారో, ఎవరు దిద్దారో తెలియాలి. అలాంటి చీటీలు జిగురక్క కొన్ని వేలు అతికించింది. అన్నీ పెద్ద చదువుల వాళ్ళు రాసినవే. తన చేత్తో ఒక్కటీ రాయలేదు.

రాస్తే నీ ఉద్యోగానికి మాట రావచ్చని సారు దాచకుండా చెప్పాడు. మాట రాకపోతేనే వింత సార్ అంది. చీటీ తీసుకుని, గుండ్రటి అక్షరాలతో రాసింది. రెండో నంబరు మొక్కను మంగళవారం నేనే తీసి దాచాను, గురువారం నేనే తిరిగి పెట్టాను, అమ్మే మనిషి నా చెల్లెలు. కింద తన అసలు పేరు రాసింది. కాస్త ఆలోచించి ఇంకో వాక్యం చేర్చింది. బుట్టలో పళ్ళను పరీక్షకు తియ్యకముందే కాలవలో పారబోశారు.

అది మొక్కకి సంబంధించిన విషయం కాదమ్మా అన్నాడు సారు.

"నిజమా కాదా సార్? నా తప్పు ఒక్కటే చీటీ ఎక్కాలా?"

 ఆయన జిగురు గిన్నె ఆమె వైపు జరిపాడు.

శుక్రవారం తనిఖీ ఆయన వచ్చి, చీటీ రెండుసార్లు చదివి, చివరి వాక్యం దగ్గర మొహం ముడుచుకున్నాడు. చీటీ మార్చమన్నాడు. ఇక్కడ మార్చరు, కావాలంటే మీరూ ఒకటి రాయండి, పక్కన అతికిస్తాం అన్నాడు సారు. ఆయన రాయలేదు. నాలుగు రోజుల తర్వాత చెల్లెలికి పర్మిట్ తిరిగొచ్చింది, రాలినవే అమ్మాలన్న షరతుతో. ఆమె మొదటినుంచీ అమ్ముతున్నవి రాలినవే. జిగురక్కని అట్టల గదిలోంచి తప్పించి కింద సామాన్ల గదిలో, పెట్టెలు కట్టే పనిలో వేశారు.

విషయం తెలిసి చెల్లెలు పొంగిపోలేదు. సందు మలుపులో కొత్త బుట్ట ముందు కూర్చుని, అక్క వైపు చూడకుండా పళ్ళు సర్దుతూ అంది.

"ఆ తనిఖీవాడి మీద అనుమానమైతే వాణ్ణి తిట్టేదానివి అక్కా. నీ నోరు నాకు తెలీదా? మొక్క దాచావంటే అనుమానం నా మీద. నూగుది అమ్ముతున్నానేమో అనుకున్నావు. ఎక్కడ ఏరతావే అని ఒక్క మాట అడిగితే చెప్పేదాన్నిగా. అమ్మ చనిపోయిన ఏడాదే ఒకటి తిని చూశాను. తియ్యగానే ఉంది."

 చెల్లెలు బుట్టలోంచి ఎండుగడ్డి రంగు పొర ఉన్న పండొకటి తీసి అక్క చేతిలో పెట్టింది. జిగురక్క పొర ఒలవకుండా, తనకి తెలియకుండానే తొడిమ పట్టుకుని తిప్పింది.

"లెక్కపెట్టావా?" అంది చెల్లెలు.

"పెట్టాను."

"ఎన్ని?"

"అయిదు."

"అయితే తిను."