ఎడమ పక్క బ్రేకు

నేను ఒక చిన్న తెల్లకారును. ఇప్పుడు చూసేవాళ్లు మీగడ రంగు అంటారు. అది వాళ్ల మర్యాద.

పుట్టిన ఫ్యాక్టరీలో మేమంతా ఒకే ముఖంతో బారుగా నిలబడ్డాం. పొడవాటి ఇనుప చేతులు నిప్పురవ్వలు చిమ్ముతూ నా తలుపులు అతికించాయి. బయటికి రాగానే రోడ్డంతా నాదే అనుకున్నాను. కాకినాడ పేర్రాజు గారు కొనేసరికి ఆ ఆశ ఆవిరైపోయింది. ఆయన నా సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఏళ్ల తరబడి తీయలేదు. మూడో గేరు దాటితే దేవుడికి కోపం వస్తుందన్నట్టు నడిపేవారు. అదే ఎక్కువ స్పీడని ఆయన భార్య కామాక్షమ్మ గారు ఎడమ సీట్లో కూర్చుని కాలితో నేలను గట్టిగా తొక్కేవారు. అక్కడ ఏ పెడలూ లేదు. మనుషుల్లో నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం ఇదే: కుడి పక్క ఎవరు కూర్చున్నా, ఎడమ పక్క వాళ్లే బ్రేకు వేస్తారు. ఆ పక్క రబ్బరు మ్యాటు మడమ దగ్గర పలచబడటం అప్పుడే మొదలైంది.

తర్వాత విశాఖపట్నం ఫణీంద్ర నన్ను కొన్నాడు. కొన్న కొద్ది నెలలకే పెళ్లి చేసుకుని, మృదులను బంతిపూల దండలతో సహా నాలోకి ఎక్కించాడు. ఆమె కొంగులోంచి, అతని తలపాగాలోంచి తలంబ్రాలు జలజలా రాలాయి. సీట్ల సందుల్లోకి, డ్యాష్‌బోర్డు మీది సన్నని చీలికల్లోకి పసుపు బియ్యం జారిపోయింది. ఎన్నిసార్లు దులిపినా పూర్తిగా పోలేదు. నాకూ పోనివ్వాలని లేదు.

మృదులకు లైసెన్సు ఉంది. పక్కన ఎవరూ లేకుండా నడిపిన రోజు మాత్రం లేదు. పుట్టింట్లో అన్నయ్య పక్కన కూర్చునేవాడు, ఇక్కడ మొగుడు.

"మెల్లగా, మెల్లగా... మృదూ, ఆటో! ఆటో!"

"అంత పచ్చగా ఉంటే నాకు మాత్రం కనపడదా ఏవండీ?"

కోపం వచ్చినప్పుడే ఆమె ఏవండీ అంటుంది. మామూలప్పుడు ఒట్టి ఫణీయే. అతని కాలు మాత్రం మ్యాటును అరగదీస్తూనే ఉంది. చివరికి దానికి రూపాయి బిళ్లంత చిల్లు పడింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఒకనాడు మృదుల ఫోన్లో ఒక ప్రకటన చూసింది. అనకాపల్లి దారిలో, మూతపడ్డ గోడౌను ముందున్న సిమెంటు మైదానంలో ఆదివారం కార్ల పోటీ. కారు వెంట కారు పరుగెత్తడం కాదు. నారింజ రంగు ప్లాస్టిక్ కోన్ల మధ్య వంకర దారి వేస్తారు. ఒక్కో కారే వెళ్లి తిరిగిరావాలి, గడియారంతోనే పోటీ. రేసు కారు అక్కర్లేదు. రోజూ కూరగాయలకు వెళ్లే కారైనా ఫరవాలేదు, బ్రేకులు, టైర్లు, బెల్టులు బాగుంటే చాలు. హెల్మెట్ కూడా క్లబ్బువాళ్లే అరువిస్తారు.

"సోమవారం నేను ఆఫీసుకెళ్లాలి దీన్లో," అన్నాడు ఫణీంద్ర దిగులుగా.

"వెళ్దువుగాని. ఒక్కసారి పక్కన ఎవరూ లేకుండా మొదట్నుంచి చివరిదాకా నేనే నడపాలి ఫణీ. బోర్డు మీద నా పేరు పక్కన నాదంటూ ఒక టైము పడాలి. అంతే."

నాకు ఇంజను వేడెక్కకుండానే వేడెక్కింది.

ఆదివారం పొద్దున్నే నా తలుపు మీద తెల్ల టేపుతో నంబరు అంటించింది. వెనక అద్దం మీద "మృదుల వెడ్స్" అన్న స్టిక్కరు ఇంకా అలాగే ఉంది. ఫణీంద్ర ఎప్పుడో ఊడిపోయాడు.

మైదానంలో కార్లను పరీక్షించే ఆవిడ అరుంధతి మేడమ్. వారమంతా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి ఆదివారాలు ఇక్కడికొస్తారట.

"లోపల కదిలేదేదీ ఉండకూడదు. మొత్తం దింపండి."

గొడుగు దిగింది. విప్పని పెళ్లి కానుక గోడగడియారం దిగింది. సారెలో మిగిలిన కాజాల డబ్బా దిగింది.

"మ్యాట్లు కూడా. పెడలు కింద ఇరుక్కుంటే ప్రమాదం."

ఎడమ పక్క మ్యాటు ఎత్తేసరికి చిల్లులోంచి ఎండ సూటిగా ఆవిడ ముక్కు మీద పడింది.

"ఏమయ్యా, మీ కారుకి ఈ పక్క కూడా బ్రేకుందా?"

"అబ్బే, అది పాత ఓనరు గారి..."

"లేదు మేడమ్, ఆ బ్రేకుకి ఈయనే డ్రైవరు," అంది మృదుల.

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఫణీంద్ర ఆ చిల్లులోకి వేలు పెట్టి చూసుకున్నాడు. నవ్వలేదు.

ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. ఒక్క మలుపు తప్పినా టైము రాయరు. మొదటిసారి మృదుల ఒక కోనుకు కుడి పక్కనుంచి వెళ్లాల్సింది ఎడమ పక్కకు తిప్పింది. టైము లేదు. రెండోసారి బాగానే సాగింది. సగం దారిలో, చూసేవాళ్లు నిలబడే తాడు అవతలనుంచి ఒక కేక: "మృదూ, మెల్లగా!" ఆమె కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. నేను పెద్ద కుదుపుతో ఆగిపోయాను. కంగారులో తర్వాతి మలుపు తప్పింది. మళ్లీ లేదు.

ఆమె దిగి వచ్చింది. హెల్మెట్‌లో కళ్లు తడిగా ఉన్నాయి.

"ఏవండీ, అంత దూరం నుంచి కూడానా?"

ఫణీంద్ర వెళ్లి ఎడమ పక్క మ్యాటు తెచ్చి తాడు వెనక పరిచి, చెప్పులు విప్పి దాని మీద నిలబడ్డాడు. ఒక కాజా తీసి నోట్లో కుక్కుకున్నాడు. మాట్లాడనన్నట్టు చెయ్యి ఊపాడు. మృదుల ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే వచ్చి నాలో కూర్చుంది.

జెండా ఊగింది. ఆహా! పేర్రాజు గారి చేతిలో దాచిపెట్టిన పరుగంతా నా చక్రాల్లోకి దిగింది. ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు... టైర్లు కీచుమన్నాయి, నేను ఒక పక్కకు ఒరిగాను, మృదుల "హా!" అంది. పెద్ద మలుపులో ఎక్కడెక్కడి చీలికల్లోంచో పసుపు బియ్యం గింజలు ఎగిరి మళ్లీ తలంబ్రాల్లా ఆమె ఒళ్లో పడ్డాయి. తాడు పక్కనుంచి దూసుకెళ్తూ చూశాను. ఫణీంద్ర బుగ్గలు ఉబ్బించుకుని, రెండు కాళ్లతో మ్యాటును తొక్కేస్తున్నాడు. నోరు మాత్రం తెరవలేదు.

చివరి రెండు కోన్ల మధ్య ఆగాం. ఒక్కటీ పడలేదు.

అరుంధతి మేడమ్ బోర్డు మీద మృదుల పేరు పక్కన టైము రాశారు. కొత్తవాళ్లలో అదే ఆఖరుది. మృదుల గంతులేసిన తీరు చూసి, మొదట వచ్చిన పెద్దాయన పొరపాటు జరిగిందేమోనని బోర్డు దగ్గరికెళ్లి మళ్లీ చూసుకున్నాడు.

ఇంటికి ఆమే నడిపింది. మ్యాటు మళ్లీ నా ఎడమ పక్కకు వచ్చింది. లంకెలపాలెం దగ్గర ఒక ఆటో అడ్డంగా వచ్చింది. ఫణీంద్ర కాలు లేచింది. గాల్లో కాసేపు ఆగి, మెల్లగా కిందికి దిగి, చిల్లుకు పక్కన ఆనింది.

"కనపడిందిలే," అంది మృదుల.

"నేనేం అన్లేదుగా! కాజా తింటావా?"

ఎప్పుడో ఒకరోజు నేనూ పాత ఇనుము దుకాణానికి వెళ్తాను. నన్ను ఊడదీసేవాడికి డ్యాష్‌బోర్డు సందులో నాలుగు పసుపు గింజలు దొరుకుతాయి. ఈ కారులో ఎవరిదో పెళ్లి ఊరేగింపు జరిగిందనుకుంటాడు. రెండుసార్లు జరిగిందని అతనికి ఎవరు చెబుతారు?